శల్యుడా, జాంబవంతుడా?

మొన్నటి వీడియోలో హనుమంతుడు సముద్రం దాటిన ఘట్టం చూశారు కదా. దాని గురించి రాద్దామని కూర్చుంటే నాకు మా అక్క కొడుకే గుర్తొస్తున్నాడు.

వాడికి 11 ఏళ్లు. బ్యాడ్మింటన్ అంటే పిచ్చి. పోయిన నెల అండర్-13 టోర్నమెంట్‌కి నేనే తీసుకెళ్లాను. దారంతా "ఈసారి సెమీస్ పక్కా రా, కొత్త రాకెట్ కూడా కొనిచ్చా" అంటూనే ఉన్నాను. మ్యాచ్‌లో పాయింట్ పోయిన ప్రతిసారీ వాడు నా మొహం వైపే చూశాడు. నేనేమో తల పట్టుకున్నాను. రెండో రౌండ్‌లో ఓడిపోయి బయటికొచ్చి వాడన్న మొదటి మాట: "సారీ మామయ్యా."

ఆట వాడిది, ఓటమి వాడిది. మరి నాకు సారీ ఎందుకు?

శల్య సారథ్యం అని మనవాళ్లు ఊరికే అనలేదు. యుద్ధంలో కర్ణుడి రథం తోలుతూనే అతన్ని మాటలతో కుంగదీశాడు శల్యుడు. కర్ణుడి ఓటమికి శాపాల్లాంటి కారణాలు వేరే ఉన్నాయి, నిజమే. కానీ అండగా ఉండాల్సినవాడే అలా మాట్లాడితే ఎలా ఉంటుంది? పైగా శల్యుడు ధర్మరాజుకిచ్చిన మాట కోసం, తెలిసే ఆ పని చేశాడు. మనం మన పిల్లలకే తెలియకుండా చేస్తున్నాం. ఇంకో విషయం, శల్యుడు నకుల సహదేవులకి మేనమామ. అది గుర్తొచ్చి నాకు కొంచెం సిగ్గేసింది.

మరి ఏమీ ఆశించకూడదా? జాంబవంతుడు ఆశించింది చిన్నదేం కాదు, నూరు యోజనాల సముద్రం! కానీ ఆయన ముందుగా, తాను ముసలివాణ్ణయ్యానని, తొంభై యోజనాలకి మించి దూకలేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. తన లోటుని హనుమంతుడి నెత్తిన పెట్టలేదు. పక్కన మౌనంగా కూర్చున్న అతనికి, చిన్నప్పుడు సూర్యుడి కోసం ఎగిరిన సంగతి గుర్తుచేశాడంతే. అతనిలో ఉన్నదే అతనికి చూపించాడు.

నేను చేసింది వేరు. ఎంసెట్ కోచింగ్ కోసం ఇంటర్‌లో నేను రాకెట్ పక్కన పెట్టేశాను. ఆ సెమీస్ నిజానికి నాకు కావాలి.

అలాగని గారాబం చేయమని కాదు. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు గోపీచంద్ గారు సింధు ఫోన్ నెలల తరబడి తన దగ్గరే పెట్టుకున్నారు. ఫైనల్లో ఆమె ఓడి సిల్వర్‌తో మిగిలాక, ఇక ఫోన్ తీసుకోవచ్చు, ఐస్‌క్రీమ్ తినొచ్చు అన్నారు. కష్టపడేదాకా కచ్చితంగా ఉన్నారు. ఫలితం వచ్చాక ఆమెని తక్కువ చేయలేదు. కర్మయోగం అంటే ఇలా కూడా ఉంటుందేమో అనిపించింది.

పోయిన ఆదివారం ప్రాక్టీస్‌కి వెళ్తూ స్కోర్ మాటెత్తలేదు. "ఈ వారం నీకు బాగా నచ్చిన షాట్ ఏది రా?" అని అడిగాను. ఇల్లు చేరేదాకా తన డ్రాప్ షాట్ గురించే చెప్పాడు. కోర్టులో మాత్రం ఇంకా నా వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ అలవాటు చేసింది నేనే, పోవడానికి టైమ్ పడుతుంది.

మీ ఇంట్లో ఆడుకునే పిల్లలుంటే ఒక్కసారి చూడండి. పాయింట్ పోయాక వాళ్ల కళ్లు ఎటు వెళ్తున్నాయో.

జై శ్రీరామ్.