పెంచిన కుక్కను పరుల కిచ్చుట ధర్మమా?

పెంచిన ప్రాణిని ఇతరుల కిచ్చుట ఆశ్రితద్రోహమగునా? లేక, ఇముడలేని యింట కట్టివేసి యుంచుటయే ద్రోహమా? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములలో కర్మాగారముల నాశ్రయించి జీవించు కుటుంబములకు ఇది నిజమైన ధర్మసందేహము.

పూర్వము పల్లెలలో కుక్క వాకిట నుండెడిది. చేను, కొట్టము, గొఱ్ఱెల మంద దానికి పని కల్పించెడివి. నేడు రెండు గదుల అద్దె యింటికి, పిల్లల ముచ్చట కొరకు, లాబ్రడార్ కూననో జర్మన్ షెపర్డు కూననో తెచ్చుచున్నారు. ఏడాది తిరుగునప్పటికి అది సుమారు 30 కిలోలు తూగును. తండ్రి షిఫ్టు డ్యూటీకి, పిల్లలు బడికి పోవుదురు. కుక్క గొలుసున నుండును. అది చెప్పులు కొఱుకును, తలుపులు గీరును, వచ్చినవారిపై కెగురును, రాత్రియెల్ల మొఱుగును. ఇరుగుపొరుగువారు కోపింతురు.

దానిని దుష్టజంతువనుట న్యాయము కాదు. నీటినుండి వేటపక్షులను తెచ్చుటకు లాబ్రడార్ జాతిని, మందలను కాచుటకు జర్మన్ షెపర్డు జాతిని మనుజులే తరతరములుగా తీర్చిదిద్దిరి. కాయకమును పూజగా నెంచు మనకు ఈ సంగతి సులభముగ బోధపడవలెను. పని చేయ పుట్టిన ప్రాణికి పని లేనిచో, దాని శక్తియే దానికి శాపమగును.

కావున ఇచ్చివేయుటకు ముందు, దానికి లోపించినదానిని సమకూర్చి చూడవలెను. ఎండ ముదరక మునుపును, ప్రొద్దుక్రుంకిన పిదపను కలిపి దినమునకు ఒక గంటయైన నడిపించుట, పరుగెత్తించుట, వస్తువులను వెదకి తెచ్చుట నేర్పుట, పశువైద్యునకు చూపుట మన విధులు. నిత్యము కట్టివేసిన కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకపోవుటను 1960 నాటి జంతుహింస నివారణ చట్టము సైతము క్రూరకృత్యములలో చేర్చినది. ఇంత చేసినను ఆ యింట దానికి తావు లేదని తేలినచో?

ఇచట కొందరు ధర్మరాజును స్మరింతురు. మహాప్రస్థానమున, కుక్కను విడిచినగాని స్వర్గము లేదని ఇంద్రుడు పలికినను ఆయన విడువలేదు. కావున విడుచుట పాపమని వారి వాదము. కథను నిదానముగ పరిశీలింతము. తన సుఖము కొరకు, నమ్మి వచ్చిన ప్రాణిని దిక్కులేక దారిలో వదలుటకే ఆయన ఒప్పుకొనలేదు. ఆ కుక్కకు మేలైన ఆశ్రయమును చూపి, దాని నిమ్మని ఆయన నెవ్వరును అడుగలేదు. కనుక ఆ కథ నిషేధించునది త్యజించుటను, అప్పగించుటను కాదు.

రాత్రివేళ ఆటోలో తీసికొనిపోయి 65వ జాతీయ రహదారి ప్రక్కన దించి వచ్చుట త్యజించుట. ఇంట పెరిగిన కుక్కకు వీధిలో కూడు వెదకుకొనుట రాదు. వీధికుక్కల గుంపు దానిని చేరనీయదు. ఆకలి పాలగునట్లు ప్రాణిని వదలుట పైన చెప్పిన చట్టము ప్రకారము నేరము కూడ. వీధికుక్కల బెడద ఎంత ఘోరమో, 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని మరణము తెలిపినది. ఇంటి కుక్కను వీధిపాలు చేయుట ఆ బెడదను పెంచుటయే.

అప్పగింతకు సత్యము మొదటి నియమము. అది దేనికి బెదరునో, ఎవరినైన కఱచినదో దాచరాదు. దోషము దాచి యిచ్చిన కుక్క నాలుగు దినములలో మరల వీధిన పడును. రెండవది, చోటును స్వయముగ చూచుట. సదాశివపేట, జహీరాబాదు వైపు తోటలలో కాపురముండువారు దొరకవచ్చును. కాని తోటలోను గొలుసే యైనచో మార్పు ఏమున్నది? దానితో తిరుగు మనిషి యున్నాడా యని చూడవలెను. 1992లో ఏర్పడిన హైదరాబాదు బ్లూ క్రాస్ వంటి సంస్థల సలహా నడుగవచ్చును. మూడవది, టీకాల చీటీలతో అప్పగించి, కొంతకాలము యోగక్షేమము విచారించుట. అచట ఇముడనిచో తిరిగి తీసికొందుమని మాట యిచ్చుట.

పిల్లలకు కుక్క పారిపోయెనని చెప్పరాదు. వారిని వెంట తీసికొనిపోయి, వారి చేతులతోనే అప్పగింపజేయవలెను. వారు ఏడ్తురు, ఏడ్వనిండు. ప్రాణిని తెచ్చుట యనగా దాని జీవితమునకు పూచీపడుట యని వారికి అప్పుడే తెలియును.

తన భారము తీరుట కొరకు ఇచ్చువాడు త్యజించుచున్నాడు. దాని బ్రతుకు బాగుపడుటకై వెదకి, విచారించి, నిజము చెప్పి యిచ్చువాడు దయచేతనే యిచ్చుచున్నాడు. మరియొక కూనను తెచ్చుకొన దలచినపుడు, దానిని నడిపించుటకు ఇంట ఎవరికి తీరిక కలదని ముందుగ విచారించుకొనుట మేలు.