బతాలో డ్రైవ్ కొన్న తమ్ముడికి

తమ్ముడూ, రియాద్ బతాలో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొన్నావు, సింక్ సాఫ్ట్‌వేర్ వేయించావు, ఇక ల్యాప్‌టాప్ పోయినా దిగులు లేదన్నావు. కొన్నందుకు సంతోషమే. దిగులు లేదన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు.

సింక్ రెండు ఫోల్డర్లను ఒకేలా ఉంచుతుంది, అంతే. నీ మంచీ చెడూ దానికి తెలియదు. ల్యాప్‌టాప్‌లో అగ్రిమెంట్ ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయిందనుకో, ఆ రాత్రి సింక్ నొక్కగానే డ్రైవ్‌లోదీ పోవచ్చు. మిర్రర్ పద్ధతి పెట్టుకుంటే కచ్చితంగా పోతుంది. వైరస్ పట్టి ఫైళ్లన్నీ పాడైతే, ఆ పాడైనవే వెళ్లి మంచివాటి మీద కూర్చుంటాయి. కాబట్టి నొక్కే ముందు ఎటు నుంచి ఎటు వెళ్తోందో చూడు. ఫ్రీఫైల్‌సింక్ లాంటివి ముందు పోల్చి, ఏది కాపీ అవుతుందో ఏది పోతుందో జాబితా చూపిస్తాయి. ఆ జాబితా చదవకుండా ముందుకు పోవద్దు. డిలీట్ అయ్యేవి వందల్లో కనిపిస్తే అక్కడే ఆపెయ్. వర్షనింగ్ అనే సదుపాయం ఆన్ చేస్తే, పోయినవీ మారినవీ ఒక పక్క ఫోల్డర్‌లో దాస్తుంది. అది తప్పకుండా పెట్టు.

రెండువైపులా సింక్ నీకు వద్దు. మార్పులన్నీ ల్యాప్‌టాప్‌లోనే చెయ్, డ్రైవ్‌లో ఫైల్ తెరిచి దిద్దకు. రెండుచోట్లా దిద్దితే చివరికి ఏది అసలో నీకే తెలియకుండా పోతుంది.

ఇంకొకటి, మన గల్ఫ్ వాళ్లకే ఎక్కువగా తగిలేది. రియాద్ గడియారానికీ మన ఊరి గడియారానికీ రెండున్నర గంటల తేడా. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్, ఫైల్ మారిన వేళను స్థానిక సమయంలోనే రాసుకుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్ అయితే ప్రపంచ సమయంలో రాసుకుంటుంది. సెలవుకు ఊరెళ్లి ల్యాప్‌టాప్ టైమ్ జోన్ మార్చగానే, రియాద్‌లో సింక్ చేసిన ప్రతి ఫైలూ ల్యాప్‌టాప్‌లో రెండున్నర గంటలు కొత్తదిగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అన్నిటినీ మళ్లీ కాపీ చేస్తానంటుంది. కంగారు పడకు, ఫైళ్లు మారలేదు. పైగా ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా పట్టదు, చెల్లి పెళ్లి వీడియో అక్కడే ఆగిపోతుంది. అందుకే డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడే ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసుకో. ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నదంతా పోతుంది, గుర్తుంచుకో.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ అగ్రిమెంట్ ఫోల్డర్‌లో ఉన్న కాగితాలే. ఇకామా (సౌదీ నివాస కార్డు), పాస్‌పోర్ట్ కాపీలు, జీతం స్లిప్పులు, ఇంటికి డబ్బు పంపిన రసీదులు, ప్రభుత్వ ఖివా పోర్టల్‌లో నమోదైన ఉద్యోగ అగ్రిమెంట్. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన సౌదీ కార్మిక సంస్కరణలతో, షరతులకు లోబడి యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే దారి ఏర్పడింది. ఆ దారిలో నడవాలన్నా, ఆగిన జీతం అడగాలన్నా నీ చేతిలో కాగితం ఉండాలి. జీతం ఆగాక స్లిప్పులు వెతుక్కునే తమ్ముళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకని ఒక్క డ్రైవ్‌తో సరిపెట్టకు, రెండోది కొను. 2024 డిసెంబర్ 1 నుంచి మెట్రో బ్లూ లైన్ బతా మీదుగా నడుస్తోంది, శుక్రవారం సాయంత్రం రావడం కష్టం కాదు. ఒకటి రూమ్‌లో ఉంచు, ఇంకొకటి సెలవుకు వెళ్లినప్పుడు అమ్మ దగ్గర పెట్టిరా. రూమ్‌లో పదిమంది చేతులు పడతాయి కాబట్టి అక్కడి డ్రైవ్‌కు పాస్‌వర్డ్ పెట్టు. ఎండాకాలంలో కారులో వదిలెయ్యకు. లైటు వెలుగుతుండగా కేబుల్ లాగకు, 'ఎజెక్ట్' నొక్కాకే తీయి.

నెలకోసారి ఆ డ్రైవ్‌ను రూమ్‌లో ఇంకొకరి కంప్యూటర్‌కు తగిలించి, అగ్రిమెంట్, నాలుగు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూడు. ఏదైనా తెరుచుకోకపోతే సింక్ ముట్టుకోకుండా నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే.