ఇంటి ఆరాధనము: సౌలభ్యమా, చులకనయా?

ఇంటిలో భగవదారాధనము చేయవలెనా అని శంకించు ఆస్తికులు అరుదు. "చేయవలెననియే ఉన్నది, కాని మంత్రములు రావు, నియమములు తెలియవు, తప్పు జరిగినచో పాపము గదా" అని వెనుదీయువారే పెక్కుమంది. తాతగారి కాలమున నిత్యము తిరువారాధనము జరిగిన ఇండ్లలో కొన్నింట నేడు పూజామందిరము తలుపులు మూసియుండుటకును, తరతరములుగా అర్చింపబడిన సాలగ్రామములు ఆలయములకు అప్పగింపబడుచుండుటకును నాస్తికత్వము కారణము కాదు. భయమే కారణము. ఆ భయము భక్తియేనా?

మన పూర్వాచార్యులు భగవంతుని పరము, వ్యూహము, విభవము, అంతర్యామి, అర్చ అను ఐదు రూపములతో నిరూపించిరి. వీనిలో సౌలభ్యమునకు పరాకాష్ఠ అర్చారూపమే. పరమపదమున నిత్యసూరులచే సేవింపబడు స్వామి ఇచట మనము నీరు పోసినపుడు స్నానమాడును. మనము పెట్టిన వేళకు ఆరగించును. మనము పవళింపజేసినపుడు పవళించును. సర్వస్వతంత్రుడు తన్ను తానే అర్చకపరాధీనునిగా చేసికొనినాడు. ఇంత దిగివచ్చినవాడు మన నోట ఒక అక్షరము జారినదని అలిగి కూర్చుండునా?

పూజాంతమున మంత్రలోపమును, క్రియాలోపమును, భక్తిలోపమును మన్నింపుమని వేడు విన్నపమొకటి కలదు. అది నేర్వనివాడు మాత్రమే చెప్పునది కాదు. వేదవేదాంగములు చదివిన పండితుడును ప్రతిదినము చెప్పవలసినదే. లోపము లేనివాడే పూజింపవలెనన్నచో ఆ విన్నపమునకు పూజావిధిలో చోటే ఉండదు. కావున ఆరంభించుటకు భయపడనక్కరలేదు.

అయితే ఈ మాట విన్నంతనే ఊరట చెంది, "స్వామికి భావమే చాలును, తక్కినవన్నియు ఎందులకు?" అనువారును కలరు. వారు తప్పక చెప్పు ఉదాహరణము కురువనంబి కథ. తొండమాన్ చక్రవర్తి శ్రీవేంకటేశ్వరుని స్వర్ణపుష్పములతో అర్చించుచుండగా, స్వామి పాదముల చెంత మట్టిపూలు కానవచ్చెననియు, అవి కుమ్మరియైన భీముడు తన యింట కొయ్యవిగ్రహమునకు సమర్పించినవని స్వామియే తెలిపెననియు ఆ కథ. నేటికిని తిరుమలలో మట్టిపాత్రలోని దధ్యోదనము కులశేఖరపడి దాటి స్వామి సన్నిధికి చేరుచున్నదన్నది యాత్రికులు ఎఱిగిన విషయమే.

కాని భీముడు మట్టిపూలను ఏల సమర్పించెను? పగలెల్ల సారె త్రిప్పిన చేతులవి. ఆ చేతులకు అంటిన మన్నే ఆతని వృత్తి, ఆతని భోజనము, ఆతని కాలము. తనకున్నదానిని ఆతడు ఏమియు దాచుకొనక ఇచ్చెను. ఇంటి ముంగిట పూలమొక్కలుండియు కోయుటకు బద్ధకించి, "భావమే ప్రధానము" అనువానికి ఆ కథ తోడు రాదు. గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు ఆకును, పువ్వును, పండును, నీటిని పేర్కొన్నపుడు అవి భక్తితో, శుద్ధమైన మనస్సుతో ఇచ్చినవై యుండవలెనన్నాడు. బీదవాడు సైతము తేగల వస్తువులనే చెప్పినాడు గాని, ధనవంతుడు వెదకి వెదకి తక్కువ వెలవానిని తెమ్మని చెప్పలేదు. స్వామి సులభుడు, చులకన కాడు. ఈ రెంటి నడుమ భేదము తెలిసినచో క్రొత్తగా ఆరంభించువానికి సగము దారి తెలిసినట్లే.

భగవద్రామానుజులు నిత్యగ్రంథమున ఆరాధనక్రమమును సెలవిచ్చినారు. దానిని పెద్దల సన్నిధిని మెల్లమెల్లగా నేర్వవలెను. అంతవరకు ఊరకుండనక్కరలేదు. స్నానము చేసి, సంప్రదాయానుసారము ఊర్ధ్వపుండ్రము ధరించి, దీపము వెలిగించి, కేశవనామములతో ఆచమించి, గురుపరంపరకు నమస్కరించి, స్వామికి చందనము, తులసీదళము, ధూపము, దీపము, నైవేద్యము అను పంచోపచారములు సమర్పించి, హారతి ఇచ్చి సాష్టాంగపడుటకు పావుగంట చాలును. ఉన్నది పటమేయైనచో స్నానమునకు మారుగా ఉద్ధరిణితో నీటిని చూపి వేఱొక పాత్రలో విడువవచ్చును. ద్వాదశినాడు తులసి కోయరాదు; ముందటి దినముననే కోసి ఉంచుకొనవలెను. తొలినాడు రెండుగంటలు కూర్చుండి, పదవనాడు మానివేయుటకంటె ఈ పావుగంట మేలు.

ఈ ఉపచారములలో మనస్సును మార్చునది నైవేద్యమని నా అభిప్రాయము. దానికి ప్రత్యేకముగ భక్ష్యములు అక్కరలేదు. ఇంటివారు తినబోవు అన్నమే చాలును. కాని స్వామికి చూపువరకు దానిని ఎవరును రుచి చూడరాదు. వంట చేయువారికి ఉప్పు సరిచూచుకొను అలవాటు ఎంత బలమైనదో అందఱికిని తెలిసినదే. ఆ గరిటెడు పులుసును నాలుకపై వేసికొనక నిలుచుటలో ఒక చిన్న త్యాగము కలదు. ఉప్పు తక్కువైనను ఆనాడు ఇంటిల్లపాదికిని అదే ప్రసాదము, వంకపెట్టుటకు వీలులేదు.

"అన్నము అట్లే ఉన్నదే, స్వామి తినలేదు గదా?" అని పిల్లలు అడుగుదురు. అడుగనిండు. నిన్న అది మన అన్నము, నేడు ఆయన మనకు పెట్టిన అన్నము. గిన్నె తరుగలేదు గాని సొంతదారు మాఱినాడు. తనకొఱకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీతలో చెప్పబడినది గదా. కావున ప్రసాదమైన అన్నమున వాకిట నిలిచిన అతిథికిని పాలుండును.

ఇచట గృహస్థులకు ఒక మాట. తాము పీటమీద కూర్చుండి స్తోత్రములు చదువుచు, నాలుగు విధముల నైవేద్యములకై ఇంటి ఇల్లాలిని తెల్లవారుజామునుండి పొయ్యి యొద్ద నిలువబెట్టువారు కొందఱు కలరు. ఆ పూజాపాత్రలను తోమునదియు ఆమెయే. అట్టి దినమున పటికబెల్లమో, అరటిపండో సమర్పించి, పాత్రలను తామే కడిగినచో ఆరాధనమునకు లోటు రాదు.

సాలగ్రామము సంగతి వేఱు. అందు స్వామి సాన్నిధ్యము స్వతస్సిద్ధము గనుక ఆవాహనము, ఉద్వాసనము ఉండవు. నిత్యనైవేద్యము తప్పరాదని పెద్దలందురు. కావున క్రొత్తవారు దానిని తొందరపడి తెచ్చుకొనరాదు. వంశక్రమమున వచ్చినవారు దానిని ఇల్లు దాటించుటకు ముందు తమ ఆచార్యునో, కులవృద్ధులనో ఒక్కమాఱు అడుగవలెను. దినమునకు ఒక తులసీదళము, కొంచెము తీర్థము, పిడికెడు అన్నము సమర్పింపగల ఇంటికి ఏ క్రమము చాలునో వారే నిర్ణయింతురు. ఊరికి పోవలసిన దినములలో పొరుగుననున్న వైష్ణవ గృహమున స్వామిని అప్పగించి, తిరిగివచ్చి తెచ్చుకొనుట మనవారికి క్రొత్త గాదు.