దానమా, ఋణమా?

ప్రియ చదువరీ, నీ పొరుగువాని యెద్దు పలుపు త్రెంచుకొని నీ చేనిలో పడి, కోతకు వచ్చిన జొన్నను త్రొక్కివేసినదనుకొనుము. అతడు రెండు బస్తాల గింజలు తెచ్చి నీ గుమ్మమునొద్ద దించెను. ఊరివారు దానిని దానమందురా? అనరు. అది బాకీ. అయితే చేను త్రొక్కినది ప్రభుత్వమే అయినప్పుడు, అది ఇచ్చు సొమ్మును ఏమని పిలువవలెను?

పూర్వము ఇంగ్లండులో రాజు సెలవు లేనిదే రాజుమీద దావా వేయుటకు వీలులేకుండెను. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు రాజును వదలుకొనిరి గాని ఈ కట్టడను మాత్రము ఉంచుకొనిరి. కనుక ప్రభుత్వమువలన నష్టపడినవాడు న్యాయస్థానమునకు పోలేక శాసనసభకు మనవి వ్రాసికొనెడివాడు. సభ్యుడెవడైనను జాలిపడినయెడల, ఆ యొక్కనికే వర్తించు బిల్లు నొకటి తెచ్చును. సభ ఒప్పినయెడల సొమ్ము వచ్చును. అట్టి బిల్లులపై "ఫలానివాని ఉపశమనము కొరకు" అని వ్రాయుట అక్కడి వాడుక. ఆ మాటను గమనింపుము. ఉపశమనమట! బాకీయను మాట అందులో లేదు.

ఇట్టి పద్ధతిలో స్నేహితులున్నవాని మనవి ముందుకు సాగును, లేనివానిది మూలబడును. గ్రోవర్ క్లీవ్‌లండు 1885 మొదలు 1889 వరకు అధ్యక్షుడైయున్న కాలములో, ఒక్కొక్కరికి పింఛను ఇచ్చుటకై సభ ఆమోదించిన బిల్లులను రెండు వందలకు పైగా త్రోసివేసెను. వాటిలో అనేకము ఆధారము లేనివని అతని తీర్పు. అంతకు మునుపే 1855లో ఇట్టి దావాలను విచారించుటకు వేరుగా ఒక న్యాయస్థానము ఏర్పడెను గాని, దానికి తుది తీర్పు చెప్పు అధికారము లేకపోయెను. 1861లో అబ్రహాము లింకను సభకు పంపిన సందేశములో ఆ అధికారమును ఇమ్మని కోరెను. ప్రజలలో ఒకరికొకరికి న్యాయము తీర్చుట ఎంత విధియో, ప్రభుత్వము తనకు విరోధముగా ప్రజలకు త్వరగా న్యాయము తీర్చుటయు అంత విధియేయని అతని వాదము. తన ఉద్యోగుల అజాగ్రత్తవలన కలిగిన నష్టములకు న్యాయస్థానములో జవాబు చెప్పుటకు ఆ ప్రభుత్వము సాధారణముగా ఒప్పుకొన్నది 1946లోనే.

ఇది కేంద్ర ప్రభుత్వపు సంగతి. ఒక్కొక్క రాష్ట్రమునకు తన కట్టడలు వేరుగా నున్నవి. ఫ్లోరిడా రాష్ట్రములో జరిగినది వినుము. 1963లో పోర్ట్ సెయింట్ జో అను ఊరిలో పెట్రోలు బంకు పనివారిద్దరు హతులైరి. ఫ్రెడీ పిట్స్, విల్బర్ట్ లీ అను ఇద్దరు నల్లజాతివారికి ఆ హత్యలకై మరణశిక్ష విధింపబడెను. 1966లో వేరొకడు ఆ హత్యలు తానే చేసితినని ఒప్పుకొనెను. అయినను 1972లో మరల విచారణ జరిపి, మరల వారే దోషులనిరి. తుదకు 1975లో గవర్నరు రూబిన్ ఆస్క్యూ వారిని క్షమించి విడిపించెను. చేయని నేరమునకు క్షమాపణ! అప్పటికి పండ్రెండేండ్లు గడచెను.

పిమ్మట వారికి పరిహారమిచ్చు బిల్లు సభకు పలుమారులు వచ్చి పలుమారులు వీగిపోయెను. 1998లో ఒక్కొక్కరికి 5,00,000 డాలర్లు మంజూరైనవి. లెక్క చూడుము. చెరలో నుంచినది 12 ఏండ్లు. దాని బాకీ తీర్చుటకు పట్టినది 23 ఏండ్లు.

ఖజానా ప్రజలది గదా, తప్పు చేసిన పోలీసులకు బదులు పన్ను కట్టు పేదవాడు ఎందుకు చెల్లింపవలెనని కొందరందురు. ఈ మాటలో పస లేకపోలేదు. అయితే ఆ నేరారోపణ ఎవరి పేరట జరిగినది? రాష్ట్రము పేరట, అనగా అందరి పేరట. అందరి పేరట ఒకని చెరలో వేసి, బాకీ వచ్చినప్పుడు మాత్రము నేను వేరు, రాష్ట్రము వేరు అనుట ఎట్లు?

2008లో ఫ్లోరిడా ఒక చట్టము చేసి, నిర్దోషిగా చెరలో నుండినవానికి ఏటికి 50,000 డాలర్ల చొప్పున ఇచ్చుటకు నిర్ణయించెను. మంచిదే. అయితే చేతులు శుభ్రముగా నుండవలెనని ఒక నిబంధన పెట్టిరి. అంతకుముందు వేరొక పెద్ద నేరమునకు శిక్షపడినవాడు ఈ సొమ్ము నడుగరాదు. ఒకడు తాను చేయని హత్యకు 27 ఏండ్లు చెరలోనుండి 2008లోనే బయటికి వచ్చెను గాని, యౌవనములో మత్తు పదార్థము దగ్గర నుంచుకొన్న నేరము అతనికి అడ్డువచ్చెను. చదువరీ, దొంగయని పేరుపడ్డవాని చేనిని యెద్దు త్రొక్కినచో అది బాకీ కాకపోవునా? దానమిచ్చువాడు పాత్రుని చూచి ఇయ్యవచ్చును; ఋణస్థుడు అట్లు చూచుటకు హక్కు లేదు.

అతనికి పనికి వచ్చినది ఆ పాత పద్ధతియే. 2012లో అతని పేరట ప్రత్యేకముగా బిల్లు తెచ్చి 13,50,000 డాలర్లిచ్చిరి. చట్టము అతనిని త్రోసివేయక యుండినయెడల 27 ఏండ్లకు వచ్చెడి మొత్తము సరిగా అంతే. అందుచేత ఒక్కొక్కని కొరకు తెరచు ఆ తలుపును బొత్తిగా మూయుమని నేను చెప్పజాలను.

ఆ నిబంధనను 2017లో కొంత సడలించిరి. హింసలేని పూర్వనేరము ఒక్కటే యున్నవాడు చట్టము క్రిందనే అడుగవచ్చుననిరి. రెండున్నవాడు మాత్రము మరల సభ గుమ్మమునొద్ద నిలిచి, తన పేరట బిల్లు తెచ్చు సభ్యుని వెదకుకొనవలసి వచ్చెను.