తాగను, తాగొద్దు

మైనర్ థ్రెట్ అనే అమెరికన్ హార్డ్‌కోర్ పంక్ బ్యాండు 1981లో ఒక చిన్న రికార్డు వేసింది. ఏడంగుళాల ప్లేటు, ఎనిమిది పాటలు, మొత్తం కలిపి పది నిమిషాలు కూడా ఉండవు. మా ఎడపల్లిలో బస్సెక్కితే బోధన్‌లో దిగేలోపు వినెయ్యొచ్చు. అందులో 'స్ట్రెయిట్ ఎడ్జ్' 46 సెకన్ల పాట. మత్తు నాకక్కర్లేదు అనడమే దాని సారం. పాడిన ఇయన్ మకాయ్‌కి అప్పుడు 19 ఏళ్లు. తాగి తూలడమే తిరుగుబాటుగా చలామణీ అయ్యే చోట తాగకపోవడాన్ని తిరుగుబాటు చేశాడు. ఆ పాట పేరే ఒక ఉద్యమానికి పేరైంది.

నన్ను పట్టుకున్నది మాత్రం అదే ఏడాది ఇంకో చిన్న రికార్డులో వచ్చిన 'ఔట్ ఆఫ్ స్టెప్'. తాళంలో ఇమడక 'నేను' అన్న మాట అందులో దాదాపు వినపడదు. ఇంగ్లిష్‌లో అది పోతే మిగిలేది ఆజ్ఞ. మాకు నీతులు చెప్తున్నావా అన్నట్టుందని డ్రమ్మర్ జెఫ్ నెల్సన్‌కే నచ్చలేదు. 1983లో మళ్లీ రికార్డు చేసినప్పుడు, ఇవి ఎవరికీ పెట్టిన నియమాలు కావని మకాయ్ పాట మధ్యలో మామూలు మాటల్లో చెప్పుకోవాల్సొచ్చింది. అయినా తర్వాతి రోజుల్లో స్ట్రెయిట్ ఎడ్జ్ పేరు పెట్టుకున్న కొన్ని గుంపులు తాగేవాళ్ల మీద చెయ్యి చేసుకున్నాయి.

తెలుగులో ఈ బగ్ రాదు. 'తాగను' అంటే చాలు, 'నేను' క్రియలోనే ఉంది. 'తాగొద్దు' వేరే మాట. వ్యాకరణం వరకు అంతే. మా దావత్‌లలో 'తాగను' అని చూడండి. "అంటే మేం చెడిపోయినోళ్లమా?" అంటారు. చెప్పింది నా గురించి, వినపడింది వాళ్ల గురించి. ఇది చెరుకు సీమ. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్సే మద్యానికి ముడిసరుకు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడింది గానీ సీసాలకేం లోటు లేదు.

చాలాకాలం నేను మకాయ్ వైపే. నా గ్లాసు నాది, నీ గ్లాసు నీది. చూడ్డానికి ఎంత మర్యాదైన సిద్ధాంతం! కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు వాళ్లకు 'తాగను' అనే అవసరమే లేదు. తాగేది వాళ్లు కాదు, కూలి డబ్బులు పోయేది, దెబ్బలు పడేది వాళ్లకు. వాళ్ల దగ్గరున్న మాట 'తాగొద్దు' ఒక్కటే. ఆ మాటకే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో పోయింది. చట్టం ఆజ్ఞగా మారినప్పుడు దొంగసారా, లంచాలు వెంట వస్తాయన్నది నిజమే. అయితే దాన్ని సాకుగా చూపించి ఆ ఆడవాళ్లను నీతిపోలీసుల లెక్కలో కలిపేస్తే నేనొప్పుకోను. ఇంకొకరి గ్లాసు తన వంటింటిని ఖాళీ చేస్తుంటే, నీ సంగతి నువ్వు చూసుకో అనడం స్వేచ్ఛ పేరుతో తప్పించుకోవడమే.

పోయిన దసరాకు మా అక్క అడిగింది: "నువ్వు తాగవు, మంచిదే తమ్మీ. మీ బావకు ఎవరు చెప్పాలె?"

చెప్పాను. "నీకెందుకు బామ్మర్దీ, నీ పని నువ్వు చూస్కో" అన్నాడు బావ. అచ్చంగా ఇన్నేళ్లూ నేను నమ్మిన సిద్ధాంతమే. దానికి ఒప్పుకోలేక, వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.