రిస్పా కాచిన బండ

వాక్యభాగములు: 2 సమూయేలు 21:1–14, ద్వితీయోపదేశకాండము 21:1–9



దావీదు దినములలో మూడు సంవత్సరములు వరుసగా కరవు కలిగెను. ఒక ఏడు వాన తప్పినయెడల ఏ రైతైనను ఓర్చుకొనును. రెండవ ఏడు అప్పు చేయును. మూడవ ఏట రాజు దేవుని సన్నిధికి పోయి కారణమేమని అడిగెను. సౌలు గిబియోనీయులను హతము చేసెను గనుక ఇది కలిగెనని జవాబు వచ్చెను.

సౌలు అప్పటికే గతించినాడు. అతని ఎముకలు యాబేష్గిలాదులో ఉన్నవి. అయినను ఆ రక్తము లెక్క తీరలేదు. ఇంకొక సంగతి గమనింపుడి. మొదటి సమూయేలు గ్రంథములో సౌలు చరిత్ర విపులముగా వ్రాయబడినది. తండ్రి గాడిదలు తప్పిపోగా అతడు వెదకబోయిన సంగతి కూడ అందులో ఉన్నది. గిబియోనీయుల హత్య మాత్రము అందులో ఎక్కడను కనబడదు. గాడిదలకు దొరికిన చోటు చంపబడిన మనుష్యులకు దొరకలేదు. వారెవరు? కట్టెలు నరుకువారు, నీళ్లు చేదువారు. యెహోషువ కాలమున ఇశ్రాయేలు పెద్దలు ప్రమాణము చేసి బ్రదుకనిచ్చిన బీదజనము.

ఈ వాక్యము చదువునప్పుడెల్ల నాకు గోదావరికి ఆవల నున్న ఇంద్రవెల్లి జ్ఞాపకము వచ్చును. 1981వ సంవత్సరము ఏప్రిల్ 20వ తేది, సోమవారము. ఆ ఏట ఏప్రిల్ 19 ఆదివారము ఈస్టరు. అనగా మన గుళ్లలో పునరుత్థాన కీర్తనలు పాడిన మరునాడే ఈ సంగతి జరిగినది. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు ఏజన్సీలోని ఇంద్రవెల్లిలో సోమవారము సంత దినము. గిరిజన రైతు కూలీ సంఘము ఆ దినమున సభ పెట్టదలచెను. భూములు చేజారిపోవుట, షావుకార్ల అప్పు, అటవీ ఉద్యోగుల వేధింపు, ఇవియే వారి మొర. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1970లో 1/70 నిబంధన వచ్చియున్నను, కాగితము మీది మాట పొలము గట్టువరకు రాలేదు. సభ జరుగరాదని నిషేధము విధింపబడినది. దూరపు గూడెములనుండి కాలినడకను వచ్చు గోండులకు ఆ కబురు ఎట్లు చేరును? వారు వచ్చిరి. పోలీసులు కాల్చిరి.

చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వము చెప్పెను. 60 మందికి పైగా అని హక్కుల సంఘములవారు చెప్పిరి. గాయములతో అడవిలోనికి పోయి తమ గూడెములలో కన్నుమూసినవారు లెక్కలోనికి రాలేదని గోండులు చెప్పుదురు. నలువది ఏండ్లు దాటినవి. రెండు లెక్కలును అట్లే నిలిచియున్నవి.

మన గ్రామ పంచాయతీలలో ఇద్దరు తగవులాడినయెడల, చెరి సగము మాట తగ్గించుకొని రాజీపడుడని పెద్దమనుష్యులు చెప్పుదురు. గట్టు తగవునకు అది చాలును. ఇక్కడ చాలదు. పదుమూడుకును అరువదికిని మధ్య నున్నది అంకె కాదు. ఒక్కొక్కడు ఒక తల్లి కన్న బిడ్డ. రెండు కాసులకు అమ్మబడు పిచ్చుకలలో ఒక్కటియైనను దేవునియెదుట మరువబడదని ప్రభువు సెలవిచ్చెను గదా. అందుచేత ఒక్కని పేరు తగ్గించుటయు అబద్ధసాక్ష్యమే. ఆవేశముతో తెలియని లెక్కను పెంచి చెప్పుటయు అదే ఆజ్ఞను మీరుట. మన పక్షము బీదల పక్షమైనంత మాత్రమున తొమ్మిదవ ఆజ్ఞ మనకు సడలింపబడదు.

ద్వితీయోపదేశకాండములో ఒక విచిత్రమైన విధి ఉన్నది. పొలములో ఒకని శవము పడియుండి, చంపినవాడెవడో తెలియనియెడల, పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, ఆ శవమునకు ఏ ఊరు దగ్గరయో కొలువవలెను. దగ్గరి ఊరి పెద్దలు ఏటి లోయలో పెయ్యను తెచ్చి, దాని మీద చేతులు కడుగుకొని, ఈ రక్తము మేము చిందింపలేదు, మా కన్నులు చూడలేదు అని చెప్పవలెను. పిలాతు కూడ చేతులు కడుగుకొనెను. భేదమేమనగా, వీరు మొదట తాడు పట్టి నేల కొలిచిరి; పిలాతు కొలువక ముందే నీళ్లు తెమ్మనెను. ఎండలో నిలిచి శవమునుండి ఊరివరకు నేల కొలుచుట, అదియే విచారణ.

పాత సంగతులు ఇప్పుడెందుకు, అధికారులకు లోబడుమని పౌలు వ్రాయలేదా అని కొందరు విశ్వాసులు అడుగుదురు. వ్రాసెను. అధికారి దేవుని పరిచారకుడనియు వ్రాసెను. పరిచారకుడైనవాడు యజమానునికి లెక్క ఒప్పగించవలసినవాడే గదా. చిన్న రేషను దుకాణము వానినే లెక్క అడుగు మనము, తుపాకి గుండ్ల లెక్క అడుగుటకు జంకనేల? ఇక, క్షమింపుడి, మరచిపోవుడి అను మాట. క్షమించుట దెబ్బ తిన్నవాని హక్కు; ప్రక్కవాడు వాని పేర క్షమాపణ చీటీ వ్రాసియిచ్చుటకు వీలులేదు. ఏమి జరిగెనో ఒప్పుకొనక మునుపు క్షమింపుమనుట, కట్టు విప్పి చూడకయే పుండు మానినదనుట వంటిది.

సముద్రము అవతల ఐర్లండు ఉత్తర భాగమున డెర్రీ పట్టణములో 1972 జనవరి 30న సైనికులు ఊరేగింపుపై కాల్చగా ఆ దినమున 13 మంది చనిపోయిరి. అది ఆదివారము. తొందరగా జరిగిన మొదటి విచారణ చాలమట్టుకు సైనికులను తప్పించెను. చనిపోయినవారి బంధువులు ఊరుకొనలేదు. 1998లో రెండవ విచారణ ఏర్పడి, 2010లో నివేదిక వచ్చెను. ఆ కాల్పులు న్యాయము కానివని బ్రిటిషు ప్రధానమంత్రి పార్లమెంటులో ఒప్పుకొని క్షమాపణ కోరెను. ముప్పది ఎనిమిది ఏండ్లు! అప్పటికి కొందరు తల్లిదండ్రులు మంటిలో ఉన్నారు.

ఇంద్రవెల్లిలో నిలిపిన స్తూపమును 1986లో కూల్చివేసిరి. 1987లో ఐ.టి.డి.ఎ. వారు మరల కట్టించిరి. అటుపిమ్మట అనేక సంవత్సరములు ఏప్రిల్ 20 వచ్చినదంటే నిషేధాజ్ఞలు, పోలీసు కాపలా. తన బిడ్డ కొరకు పూలు పెట్టబోవు తల్లి కూడ అనుమానపు మనిషియే. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ స్తూపమునొద్ద నివాళులర్పించెను. మంచిదే. అయితే వెండి బంగారములతో ఈ సంగతి తీరదని గిబియోనీయులు దావీదుతో చెప్పిన మాట మరువవద్దు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పకుండ దాటిపోలేను. గిబియోనీయులు సౌలు సంతతిలో ఏడుగురిని అడిగిరి, దావీదు అప్పగించెను, వారు ఉరితీయబడిరి. తండ్రుల దోషమునుబట్టి కుమారులకు మరణశిక్ష విధింపరాదని ధర్మశాస్త్రము ద్వితీయోపదేశకాండము 24లో స్పష్టముగా చెప్పుచున్నది. కరవునకు కారణమేమని దావీదు దేవుని అడిగెను. ఏమి చేయవలెనని మాత్రము మనుష్యులనే అడిగెను. నా మట్టుకు నాకు అక్కడ అతడు దారి తప్పెనని తోచును. మన సంఘములలో పోలీసు ఉద్యోగుల బిడ్డలున్నారు. పోడు కేసులలో కోర్టుల చుట్టు తిరిగిన కోయ కుటుంబములున్నవి. ఒకే రొట్టె విరుచుచున్నారు. నాడు తుపాకి పట్టినవాని మనుమనిపై పగ పెట్టుకొనుట సత్యమును వెదకుట కాదు. అయితే ఆ మనుమడు తన తాతను నీవేమి చూచితివని అడుగవచ్చును, తాత చెప్పవచ్చును. అట్టి సాక్షులు వృద్ధులైపోవుచున్నారు.

అప్పుడు రిస్పా వచ్చెను. అయ్యా కుమార్తె, తన ఇద్దరు కుమారులును ఆ ఏడుగురిలో ఉన్నారు. గోనెపట్ట తీసికొని బండమీద పరచుకొనెను. యవలకోత ఆరంభము మొదలుకొని వాన కురియువరకు పగలు పక్షులను, రాత్రి అడవిమృగములను ఆ శవములయొద్దకు రానీయలేదు. ఆమె వాదింపలేదు, రాజునొద్దకు పోలేదు. కదలలేదు, అంతే. ఆ కబురు రాజునకు చేరెను. అతడు ఎన్నో ఏండ్లు విడువబడిన సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను, ఉరితీయబడినవారి ఎముకలను సమకూర్చి, కీషు సమాధిలో పెట్టించెను. ఆ తరువాతనే దేవుడు దేశము కొరకైన ప్రార్థన ఆలకించెనని 14వ వచనము చెప్పుచున్నది. ఏడుగురు చచ్చినప్పుడని చెప్పలేదు. పాతిపెట్టిన తరువాత అని ఉన్నది. వాక్యము తెరచి మీరే చూడుడి.

ఏప్రిల్ మాసమున, 20వ తేదికి ముందు వచ్చు ఆదివారము, మన సంఘములన్నిటిలో ఈ రెండు అధ్యాయములు చదువవలెనని కోరుచున్నాను. ఇంద్రవెల్లి కుటుంబముల కొరకును, నాడు అక్కడ యూనిఫారములో ఉండి నేటివరకు నోరు విప్పనివారి కొరకును ప్రార్థింపుడి. చదువు వచ్చిన యౌవనస్థులు తమ గూడెపు ముసలివారియొద్ద కూర్చుండి, ఇట్టి ఏ సంగతియైనను వారు కన్నులార చూచినదానిని, విన్నదానితో కలుపక, వేరుగా నోటు పుస్తకములో వ్రాసి ఉంచుడి. పేర్లు సరిగా వ్రాయుడి.