మధుమేహమున మేలు కలదా?

రోగము ప్రాప్తించినప్పుడు "ఇదియు భగవదనుగ్రహమే" యని పలుకుట భక్తులలో పరిపాటి. ఆ మాట రోగి తనంత తాను పలికినచో వినదగియుండును. ఆరోగ్యవంతుడు రోగితో పలికినచో అది క్రౌర్యమగును. 1922 జనవరిలో టొరంటో నగరమున లియొనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చిరి. అంతకు పూర్వము బాల్యమున మధుమేహము సోకినవారికి బ్రతుకుపై ఆశ లేకుండెను. అట్టి వ్యాధిని మంచిదనుట ధర్మము కాదు. అయినను దానితో పెక్కేండ్లు జీవించినవారు కొందరు తమకు కొంత మేలు కలిగినదందురు. ఆ మేలు ఎక్కడినుండి వచ్చినది?

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ప్రమేహరోగికి విధించిన నియమములు విచిత్రములు. బంధువులు లేని నిర్ధనుడు పాదరక్షలు, గొడుగు లేక, భిక్షాన్నము తినుచు, ఊరికొక్క రాత్రి నిలుచుచు, మునివలె నూరు యోజనములు నడువవలెను. ధనికుడు శ్యామాకము, నీవారము మొదలగు తృణధాన్యములతో జీవింపవలెను. వేరొకడు బావి త్రవ్వవలెను. సాలున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురము సీమలో రోగము లేనివారును బావులు త్రవ్వుచునే యున్నారు. ఆ విధి వారికి కొత్త కాదు. పాదరక్షలు వలదనుటను మాత్రము నేటి వైద్యులు ఒప్పుకొనరు. ఈ వ్యాధిలో పాదములకు స్పర్శ తగ్గి, పుండుపడినను తెలియకపోవచ్చును. కాలినడకన కొండలెక్కు యాత్రికులు ఇది గమనింపవలెను.

తృణధాన్యముల మాట వేరు. వరియన్నము గొప్పయింటి గుర్తు అయిన పిదప ఆ సీమలో కొర్రలు, జొన్నలు వంటయిండ్లనుండి తొలగినవి. వైద్యుని చీటితో అవి మరల ప్రవేశించిన ఇండ్లు కలవు. అయితే రాగిసంకటియైనను ముద్ద పెద్దదైనచో చక్కెర పెరుగును. మితమే ప్రధానము.

ఇంతవరకు చెప్పినది శరీరమునకు కలిగిన మేలు. మనస్సునకు కలుగు మేలు దీనికంటె సూక్ష్మమైనది. కదిరి ప్రాంతమున ఒక వృద్ధగృహస్థుని ఊహింపవచ్చును. ఊరివారికి పెద్దమనిషి, ఎవరినీ ఏదియు అడిగి యెరుగడు. వ్యాధిని కోడండ్రకును తెలియనీయక, మాత్రలు పెట్టెలో దాచుకొనెను. ప్రసాదము వలదన్నచో కారణము చెప్పవలసివచ్చునని గుడికి పోవుటయే తగ్గించెను. ఫాల్గుణమున లక్ష్మీనరసింహుని రథోత్సవమునాడు మాత్ర మింగి, దర్శనమైన పిదప తినవచ్చునని ఉపవాసముతో ఎండలో నిలిచెను. చెమటలు పట్టెను, చేతులు వణకెను. పక్కనున్న స్త్రీ యొకతె పానకము అందించెను.

"నాకు షుగరుందమ్మా, పానకము పనికిరాదు."

"షుగరు దిగిపోయినట్టుంది తాతా, ముందిది తాగు. మా అమ్మకూ ఇట్లే అయితాది."

నిత్యము విషమైన బెల్లమే ఆ గడియలో ఔషధము. అంతకంటె చిత్రమేమనగా, తన వ్యాధి పేరును ఆతడు పరులయెదుట పలుకుట అదియే ప్రథమము. శరణాగతికి ఆరంగములు చెప్పుదురు. వానిలో కార్పణ్యము, అనగా తన అశక్తతను ఒప్పుకొనుట, ఒకటి. అష్టోత్తరమంతయు కంఠస్థమైనవానికిని అది సులభముగా అలవడదు. పానకమిచ్చిన చేయి రోగముది కాదు, సాటి మనుష్యురాలిది. రోగము చేసినదెల్ల దాచుకొనుటకు చోటు లేకుండ చేయుటయే. కావున మేలును స్మరించుటకు రోగమును స్తుతింపనక్కరలేదు.

మరుసటి యేడు ఆతడు వైద్యుని అడిగి, ఫలహారము చేసి, చెప్పులు తొడిగి, మనుమనితో రథము చూడవచ్చెను. మొలలో బెల్లపుముక్క యున్నది. అది ఎందులకో మనుమడెరుగును. చక్కెరపొంగలి చేతికి వచ్చినప్పుడు ఒక్క మెతుకు కన్నులకద్దుకొని నోట వేసికొని, తక్కినది బాలునకిచ్చెను. రథముపై భక్తులు చల్లిన దవణము, మిరియములు నేల రాలుచుండగా, వంగి రెండు మిరియపుగింజలు ఏరుకొనెను.